షాఫ్ట్ పళ్లకు నల్ల గ్రీజే

యాదగిరీ, బాగున్నావా? నువ్వు చనిపోయి ఏడాదైంది, ఇప్పటికి రాస్తున్నా. దుకాణం పనిలో ఆలస్యమైంది, కోపం చేయకు.

చైన్ బదులు ఇనుప షాఫ్ట్‌తో వెనక చక్రం తిరిగే నీ మోటార్ సైకిల్‌ని అమ్మేద్దామని మీ అన్న నిన్న మేడ్చల్‌లో నా స్పేర్ పార్ట్స్ దుకాణానికి తెచ్చాడు.

"షాఫ్ట్ పళ్లకు గా బేరింగ్ గ్రీజే పుయ్యి. అమ్మే బండికి గదే ఎక్కువ," అన్నాడు.

ఆ గ్రీజు ఒత్తిడికి పక్కకు జరిగిపోతుంది, పళ్లు అరిగిపోతాయి. నేను మాలిబ్డినం కలిసిన నల్ల గ్రీజే తీశాను.

"అమ్మినా అమ్మకున్నా గిదే పూస్త అన్నా," అన్నాను.

వెనకే వచ్చిన నీ భార్య సుజాత తాళంచెవి తీసుకుంది. "అమ్మేది లేదు బావా. నేనే నేర్చుకుంట."

రేపటి నుంచి శామీర్‌పేట రోడ్డు మీద నేర్పుతాను. ఆమె ఒక్కతే నడిపేదాకా నేను నీ దగ్గరికి వచ్చేది లేదు. ఆ తర్వాత కూడా నాకు తొందరేం లేదు గానీ, మనం ఎప్పుడు కలుద్దామంటావ్?