గొంతు లేని టీవీ

జూన్ 3, సోమవారం

పొద్దున లేచేసరికి నాన్నమ్మ సంచీ అటక మీద లేదు. హాల్లో కుర్చీ మీద ఉంది, దుమ్ము దులిపించుకుని, నోరు తెరుచుకుని. ఎందుకు దించావంటే ఎండలో పెడదామని అంది. కాసేపటికి తనే అసలు మాట బయటపెట్టింది. ఆదివారం పెదనాన్న వస్తాడట, వాళ్ళింటికి వెళ్తుందట. ఎన్నాళ్ళు అని అడిగితే చూద్దాం అంది. ఆ ‘చూద్దాం’ నాకు నచ్చలేదు.

కారణం ఇంట్లో అందరికీ తెలుసు. నిన్న సాయంత్రం కింది వాటా టీచరమ్మ పైకి వచ్చింది. మీ టీవీ మాకూ వినిపిస్తోందండీ, మాది కట్టేసి కరెంటు మిగుల్చుకుంటున్నాం అని నవ్వుతూనే చెప్పింది. నవ్వుతూ చెప్పిన మాటే ఎక్కువ గుచ్చుకుంటుంది. నాన్న రిమోట్ తీసుకుని సౌండు అరవై రెండు నుంచి ఇరవైకి దించాడు. నాన్నమ్మ సీరియల్ మధ్యలోనే కళ్ళజోడు తీసి, మడిచి, తన గదిలోకి వెళ్ళిపోయింది.

పాత డబ్బా టీవీ ఉన్నన్నాళ్ళూ ఈ గొడవ లేదు. అది రెండు నెలల కింద కన్ను మూసింది. కొత్తది అట్టముక్కంత పలచన. టీవీకేం, బంగారంలా ఉంది, అమ్మకే చెవులు పోతున్నాయి అంటాడు నాన్న. నా చెవులకేం రోగం, మీ ఆవిడ వంటింట్లో నా మీద గొణుక్కునేది కూడా నాకు తెలుస్తుంది, ఆ టీవీకే గొంతు లేదు అంటుంది నాన్నమ్మ.

గొంతు లేని టీవీ. ఈ మాట నోట్‌బుక్‌లో వేరే పేజీలో రాసుకున్నాను. కాలేజీలో చేరాక మాటలు పోగుచేసే పిచ్చి పట్టింది నాకు. అందులో ముప్పావు వంతు నాన్నమ్మ సరుకే. సీరియల్ చూస్తూ అత్తగారిని నంగనాచి అంటుంది, అల్లుణ్ణి నాన్చుడుగాడు అంటుంది. ఆమె వెళ్ళిపోతే నాకు మాటలు ఎవరు పెడతారు? అమ్మ మాటల్లో సగం ‘ఊఁ’.

సాయంత్రం నాన్నను అడిగాను. ఆదివారంలోపు టీవీ సౌండు బాగుచేస్తాను, డబ్బివ్వు అని. ఒక చెప్పుల జతకు సరిపడా ఇస్తానన్నాడు. ఎలాంటి చెప్పులు అంటే బాత్రూంలో వేసుకునేవి అన్నాడు. బేరమాడి, బయటికి వేసుకువెళ్ళే చెప్పుల దాకా లాక్కొచ్చాను.

జూన్ 4, మంగళవారం

కాలేజీ లైబ్రరీలో రెండు గంటలు చదివాను. పలచటి టీవీల్లో స్పీకర్లకు ముందువైపు చోటుండదట. కిందికో వెనక్కో తిప్పి పెడతారట. అంటే అవి మనతో కాదు, గోడతో మాట్లాడతాయి.

ఇంటికొచ్చి వార్తలు పెట్టి, టీవీ కింద అరచెయ్యి ఉంచాను. చదివే ఆవిడ మాట్లాడినప్పుడల్లా చెయ్యి జుమ్మంది. సరిగ్గా ఆ స్పీకరు కన్నాల ముందే అమ్మ అల్లిన లేసు గుడ్డ వేలాడుతోంది. పైగా టీవీని గోడలోని గూట్లోకి వెనకదాకా నెట్టేశారు. మనిషి నోటికి గుడ్డ కట్టి, బీరువాలో కూర్చోబెట్టి, ఇప్పుడు పాడు అన్నట్టు.

గుడ్డ తీసేశాను. టీవీని గూటి అంచుదాకా లాగాను. సెట్టింగుల్లో సౌండు ‘సినిమా’ మీద ఉంది. మ్యూజిక్ ఎక్కువ, మాట తక్కువ. ‘న్యూస్’ మీదికి మార్చాను. పైసా ఖర్చు లేదు. అమ్మ మాత్రం పదిహేను రోజులు కళ్ళు పోయేలా అల్లానే అని సణిగి, గుడ్డను ఫ్రిజ్‌కు కట్టింది.

నాన్నమ్మ సీరియల్‌కు సౌండు నలభైకి తగ్గింది. ఎలా ఉందని అడిగాను. గొంతు వచ్చింది గానీ జలుబు తగ్గలేదు అంది.

జూన్ 5, బుధవారం

శబ్దం చెదరకుండా గూట్లో టీవీ వెనక దుప్పటి కట్టాను. అమ్మ విప్పేసింది.

జూన్ 6, గురువారం

చెప్పుల డబ్బు మొత్తం పెట్టి స్పీకరు కొన్నాను. పొడుగ్గా, నల్లగా, చపాతీ కర్రకు అన్నలా ఉంది. వైరు లేదు, గాల్లోంచే పట్టుకుంటుంది. నాన్నమ్మ చెవికి దగ్గరగా ఉండాలని ఆమె కుర్చీ వెనక స్టూలు మీద పెట్టాను. పెట్టగానే హాలంతా నిండిపోయింది. నాన్న పేపరు దించి, పరవాలేదే అన్నాడు. నాన్న ‘పరవాలేదే’ అంటే ఇతరుల ‘అద్భుతం’తో సమానం.

నాన్నమ్మ పది నిమిషాలు చూసింది. తలనొప్పిగా ఉందంటూ లేచింది. శబ్దం బాగానే ఉంది గానీ వాళ్ళంతా అబద్ధాలు చెబుతున్నట్టుంది అని వెళ్ళిపోయింది.

కొందరికి ఏం చేసినా కంటికి ఆనదు. సంచీలో అప్పుడే రెండు చీరలు, శాలువా చేరాయి. వెళ్తే వెళ్ళనీ.

(ఆ చివరి వాక్యం కొట్టేద్దామనుకున్నాను. రాసింది రాసినట్టే ఉండాలని ఉంచేశాను. కానీ అది నిజం కాదు.)

జూన్ 7, శుక్రవారం

పొద్దున వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. అమ్మ నాకేదో చెప్పింది, ఒక్క ముక్క వినపడలేదు. ఏంటీ అని అరిచాను. గుమ్మంలో కూర్చున్న నాన్నమ్మ, తలెత్తి అమ్మను చూస్తూ, గొడుగు తీసుకెళ్ళమంటోందే అని నాకు చెప్పింది.

ఎనిమిదడుగుల దూరం. మిక్సీ హోరు. చెవులు పోయాయంటున్న మనిషి.

మిక్సీ ఆగాక నాన్నమ్మ ఎదురుగా నిలబడి, గొంతు లేకుండా పెదాలు మాత్రం కదిపాను. నా పెన్ను చూశావా అని. నీ జడలోనే ఉంది కదే అంది. జడలోనే ఉంది. ఇప్పుడు నేను గొంతు వాడలేదు, ఎలా తెలిసింది అని అడిగాను. వాడలేదా అని తనే ఆశ్చర్యపోయింది.

తర్వాత మిల్లు సంగతి చెప్పింది. నూలు మిల్లులో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. మిషన్లు తిరుగుతుంటే పక్కన పిడుగు పడ్డా తెలియదట. అందుకని ఆడవాళ్ళంతా గొంతు దాచుకుని పెదాలతోనే మాట్లాడుకునేవాళ్ళట. షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు కబుర్లు. సూపర్‌వైజరు మధ్యలో నిలబడితే అతని తల మీదుగా అతని మీదే జోకులు. ప, బ, మ పెదాల మీద ఒకేలా కనబడతాయట. మామ అనాలంటే మీసం మెలేసేవాళ్ళట, పాప అనాలంటే చేతులు ఊయలలా ఊపేవాళ్ళట.

కాలేజీ బస్సు పోయింది. పోతే పోయింది.

పాత టీవీ కింద బల్ల మీద ఉండేది, ఆమె కళ్ళకు సూటిగా. కొత్తదాన్ని మేం తల ఎత్తి చూసేంత పైన, గూట్లో పెట్టాం. సాయంత్రం కిటికీ వెలుగు తెర మీద పడి ముఖాలే కనబడవు. దానికి తోడు నా గొప్ప స్పీకరు. నిన్నటి సీరియల్ మళ్ళీ పెట్టి, సౌండు వింటూ నటుల నోళ్ళు మాత్రమే చూశాను. నోరు ముందు మూతబడుతోంది, మాట వెనకాల వస్తోంది. రెప్పపాటు తేడా. నాకు ఆనలేదు. ఆమెకు ప్రతి మాటా అబద్ధమే. పైగా మనిషి ఎదురుగా, గొంతు వీపు వెనకాల.

ఇదంతా నాన్నమ్మకు చెప్పాను. అంటే మీ నాన్న అన్నది నిజమే, నా చెవులు పోయాయి అంది. సగమే అన్నాను. ఆ సగం ఎక్కడ పోయిందో తెలుసులే, మిల్లుకిచ్చి వచ్చాను అంది.

చెవి డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. చూద్దాం అంది. స్పీకరు బాగాలేదని నిన్ననే ఎందుకు చెప్పలేదంటే, అంత సంబరంగా తెచ్చావు, ఏ నోటితో చెప్పను అంది.

జూన్ 8, శనివారం

స్పీకరు తీసుకుని వీధి చివర టీవీ మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. ఆయన అటూ ఇటూ తిప్పి, గాలికి చెబితే ఆలస్యం, తీగకు చెబితే వెంటనే అన్నాడు. స్పీకరు వెనక వైరు పెట్టే చిన్న కన్నం ఉంది. టీవీకీ ఉంది. పెట్టె మీద బొమ్మ వేసి మరీ చెప్పారట, నేను చూడలేదు. చదువుకున్నవాళ్ళు పెట్టె చదవరు అన్నాడు. వైరు ధర రెండు టీల కంటే తక్కువ. స్పీకరు ఎక్కడ పెట్టమంటారంటే, మనిషికి గొంతు ఎక్కడుంటుంది, నోటి కిందే కదమ్మా అన్నాడు. ఈయనకు మా నాన్నమ్మ సంగతి తెలియదు. తెలిసినట్టే మాట్లాడాడు.

మధ్యాహ్నం నాన్న, నేను టీవీని గూట్లోంచి దించి, పాత బల్ల మీద పెట్టాం. స్పీకరు తెర కిందే. వైరు బిగించాం. వెలుగు పడకుండా కిటికీకి అడ్డంగా అమ్మ దుప్పటి కట్టింది. ఆ బుధవారం దుప్పటే.

సాయంత్రం సీరియల్. సౌండు పద్దెనిమిది. నాన్చుడుగాడు, అదే ఆ అల్లుడు, ఏదో నసిగాడు. నాకంటే ముందు నాన్నమ్మ నవ్వింది.

ఏడున్నరకు టీచరమ్మ పైకి వచ్చింది. నాన్న ముఖం మాడిపోయింది. తీరా ఆవిడ, ఏమీ వినబడటం లేదు, పెద్దావిడకు ఒంట్లో బాగానే ఉందా అని అడగడానికి వచ్చిందట. కూర్చోమన్నాం. సీరియల్ అయ్యేదాకా లేవలేదు.

సంచీ మాత్రం అలాగే ఉంది, కుర్చీ మీద. అడగడానికి ధైర్యం చాల్లేదు.

జూన్ 9, ఆదివారం, మధ్యాహ్నం

పెదనాన్న పదింటికి వచ్చాడు. టీ తాగాడు. బయల్దేరదామా అమ్మా అన్నాడు. నాన్నమ్మ సంచీ తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. అందులో నీ శాలువా, మీ ఆవిడకు రెండు చీరలు ఉన్నాయి, తీసుకెళ్ళు అంది. మరి నువ్వు అంటే, బుధవారం ఆ నంగనాచి దొరికిపోతుంది, అది చూడకుండా ఎలా కదులుతానురా అంది. నాన్న పేపరు వెనక నుంచి, పోనీ గురువారం వస్తాడులే అన్నాడు. నువ్వు నోరు మూసుకో, నీ మాటలు పేపరు చాటున ఉన్నా నాకు తెలుస్తాయి అంది.

పెదనాన్న సంచీతో వెళ్ళాడు. మంగళవారం చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి కూడా ఒప్పుకుంది.

జూన్ 9, సాయంత్రం ఆరున్నర

నాన్నమ్మ రిమోట్ లాక్కుని సౌండు సున్నా చేసింది. వాళ్ళేమంటున్నారో చెప్పు చూద్దాం అంది. పావుగంట చూశాను. ఒక్క మాట పట్టలేకపోయాను. పదాల పిచ్చిదానివి కదే అని కన్నీళ్ళు వచ్చేలా నవ్వింది.

రేపు పొద్దున ఆరింటికి వంటింట్లో మొదటి పాఠం. ఖాళీ మిక్సీ తిప్పుతామని అమ్మకు ముందే చెప్పాలి. చేతి అద్దం తీసుకెళ్ళాలి. నోట్‌బుక్ వద్దంది.