మూడో ప్రశ్నకి పెట్టిన టిక్కు

చిట్టి చెల్లికి అక్క ముద్దులు, దీవెనలు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అందరం అంటే ఎవరెవరని అడక్కు. నేనూ, నా రెండు మోకాళ్ళూ, ఈ షాపూ. అక్కడ నువ్వూ, నీ రూమ్మేటు మాటలమిషనూ బాగున్నారని, మీ హాస్టల్ కుళాయిలో పొద్దున పూటైనా నీళ్ళు వస్తున్నాయని అనుకుంటున్నా.

ఇదంతా షాపులో స్టూలు మీద కూర్చుని ఫోన్లో టైపు చేస్తున్నా. మధ్యలో ఎవరైనా జిప్పు అడిగితే లేవాలి, గుడ్డ పట్టుకుని వచ్చి బొత్తాలు మ్యాచింగ్ చూడమంటే వెలుతుర్లోకి వెళ్ళి చూడాలి, మళ్ళీ వచ్చి కూర్చోవాలి. ఒక వాక్యానికీ ఇంకో వాక్యానికీ పొంతన లేకపోతే నువ్వే కుట్టుకో. ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటావు. చెప్పొచ్చు. నా గొంతు విని నువ్వు పట్టేస్తావు, నువ్వు పట్టేశావని నేను పట్టేస్తాను, ఇక ఇద్దరం కలిసి వానల గురించి మాట్లాడుకుని పెట్టేస్తాం. అందుకే ఉత్తరం.

నీ పోయిన ఉత్తరం చివర ప్రశ్నలు పెట్టావు. కాంప్రహెన్షన్ అలవాటైపోయి సొంత అక్కకి రాసే ఉత్తరానికి కూడా కింద ప్రశ్నలు పెడుతున్నావే, నీ మొహం మండ! మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగావు. ఉంది. పొద్దున షట్టరు ఎత్తేటప్పుడు అదీ నేనూ కలిసి మూలుగుతాం. మందులషాపాయన ఇచ్చిన పట్టీ వేసుకుంటున్నా. కూర్చుంటే తగ్గుతుందట. కూర్చోబెట్టే వ్యాపారం ఏదైనా ఉంటే చెప్పమన్నా, నవ్వాడు.

ఇంగ్లీషు మాట్లాడుతున్నావా లేదా అని అడిగావు. మాట్లాడుతున్నాను తల్లీ. ఆఫీసులో పనిచేసే ఒకావిడ వచ్చి తెల్లదారం ఉందా అని ఇంగ్లీషులో అడిగింది. నేను గట్టిగా, 'యస్, ఐ యామ్ హావింగ్ వైట్ థ్రెడ్' అన్నా. ఆవిడ నా నోటి వంక చూసింది. తర్వాత గుర్తొచ్చింది, 'హావింగ్ అంటే తింటున్నానని అనుకుంటారే అక్కా' అని నువ్వు తిట్టిన సంగతి. ఇక ఆ మర్యాదగా అడిగే పాఠం ఉందిగా, కుడ్ యు ప్లీజ్, అది హోల్‌సేల్ బాబాయి మీద ప్రయోగించా. 'కుడ్ యు ప్లీజ్ సెండ్ ది జిప్స్' అని మెసేజ్ పెట్టా. వెంటనే ఫోను.

"ఏమైందమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది బాబాయ్. ఏం?"

"ఎప్పుడూ 'జిప్పులు ఏవీ, చచ్చాయా' అని కదా పెడతావు. కోపం వచ్చిందేమోనని..."

జిప్పులు మాత్రం సాయంత్రానికల్లా వచ్చాయి. కాబట్టి మీ మేడమ్‌కి చెప్పు, కుడ్ యు ప్లీజ్ పనిచేస్తుందని. డిడ్ బయటికి వెళ్ళినప్పుడు గో ఇంట్లోనే ఉండాలి, ఇద్దరూ ఒకేసారి గతంలోకి వెళ్ళకూడదు అని నువ్వు చెప్పావే, అది కూడా బుర్రలో నిలబడింది. ది ఒక్కటే నా వల్ల కావడం లేదు. ఎక్కడ పెట్టమంటే అక్కడ మర్చిపోతున్నా, అక్కర్లేని చోట పెడుతున్నా.

అయ్యో ఆగు, లైనింగు గుడ్డకి వచ్చారు.

వచ్చా. ఇక మిగిలిన రెండు ప్రశ్నలు. కొన్ని వారాల నుంచి ప్యాసేజీలకి జవాబులు ఎందుకు పంపడం లేదు, ఆ ఇంటి ప్యాసేజీ తర్వాత నా మీద కోపం వచ్చిందా అని. రెండూ ఒకటే ప్రశ్నే. కోపం రాలేదు. మొదట్లో ఒక పనిలో పడి రాయలేదు, ఆ పనేంటో కింద చెప్తా. తర్వాత ఏం వచ్చిందో చెప్పడానికి పేరు దొరక్క రాయలేదు.

పరీక్ష అయ్యేదాకా ప్రతి ఒక్కరూ కాలేజీ బయటి మనిషిని ఒకర్ని పట్టుకుని ప్రాక్టీసు చెయ్యాలని మీ మేడమ్ చెప్పినప్పుడు, మిగతావాళ్ళు ఇంగ్లీషొచ్చిన చుట్టాల్ని పట్టుకుంటే నువ్వు నన్ను పట్టుకున్నావు. అందుకు నాకెంత గర్వమో నీకు తెలియదు. వారానికో ప్యాసేజీ నువ్వే సొంతంగా రాసి, కింద ఐదు ప్రశ్నలు వేసి పంపితే, గిరాకీ లేని మధ్యాహ్నాలు నేను దాన్ని కూడబలుక్కుని చదివి జవాబులు రాసేదాన్ని. నువ్వు టిక్కులూ ఇంటులూ పెట్టి పంపేదానివి. నా ఇంటులు చూసుకుని నేనే నవ్వుకునేదాన్ని.

అలా వచ్చింది ఆ ఇంటి ప్యాసేజీ. నాకు ఒప్పజెప్పేంత వచ్చు. 'ఆఫ్టర్ ది ఎగ్జామ్స్ వుయ్ విల్ లివ్ ఇన్ దిస్ టౌన్. వుయ్ హావ్ సీన్ ఎ స్మాల్ హౌస్. ఇట్ హాజ్ టూ రూమ్స్ అండ్ ఎ బిగ్ విండో.' మూడో ప్రశ్న, 'హూ విల్ లివ్ ఇన్ ది హౌస్?' నేను ఆలోచించను కూడా లేదు. 'యు అండ్ ఐ' అని రాసేశా. అమ్మ పోయినప్పటి నుంచీ మనిద్దరమే కదా, ఇంకెవరుంటారు? వుయ్ అంటే మనం. అంతే అనుకున్నా.

నువ్వు దానికి టిక్కు పెట్టావు.

ఇప్పుడు చెప్పాల్సింది చెప్పేస్తా. దీన్ని దాటెయ్యడానికే ఇంతసేపూ జిప్పుల కథలు చెప్పుకొచ్చా. చెల్లీ, షాపు వదిలేశాను. నీ టిక్కు చూసిన మర్నాడే ఓనరు గారి దగ్గరికి వెళ్ళి నెలాఖరుకి ఖాళీ చేస్తానని చెప్పా. తెరవని పెట్టెలన్నీ బాబాయికి వెనక్కి పంపేశా. వీధి చివర మెట్ల కింద బట్టలు కుడుతుందే, మన కుట్టుమిషన్ పిన్ని, ఆవిడకి షాపు ఇప్పించమని ఓనరు గారికి నేనే చెప్పా. నీకు ఒక్క మాట చెప్పలేదు. పరీక్షలయ్యాక సంచులు పట్టుకుని ఆ పెద్ద కిటికీ ముందు దిగి నిన్ను అదరగొడదామనుకున్నా.

నీ కోసం త్యాగం చేసేశానని మాత్రం అనుకోకు. అలా అనుకుని ఏడిస్తే తంతా. నాకు విసుగొచ్చింది. పొద్దున లేస్తే షట్టరు, రాత్రి పడుకుంటే కళ్ళ ముందు దారపుండలు. ఎప్పుడైనా ఎవరైనా 'ఇక చాల్లే, రా' అంటారా అని చూస్తూ ఉన్నా. నువ్వు అన్నావనుకున్నా. నీ వుయ్ పట్టుకుని ఒక్క దూకు దూకా.

పిన్ని పోయిన గురువారం టేపు తెచ్చుకుని షాపు కొలవడానికి వచ్చింది. ఆ మూల మిషను, ఈ మూల ఇస్త్రీ బల్ల అని గోడల మీద సుద్దముక్కతో గీతలు గీస్తూ, "అవునే, చెల్లెలు ఏదో ఇల్లు అందన్నావు, ఎలా ఉంటుందది?" అంది. నాకా, ఎవరైనా అడిగితే బాగుండునని ఉంది. ఫోను తీసి ప్యాసేజీ ఇంగ్లీషులో చదివి, గొప్పగా తెలుగులో చెప్పా.

"పరీక్షలయ్యాక మనం ఈ ఊళ్ళోనే ఉంటాం. మనం ఒక చిన్న ఇల్లు చూశాం. దానికి రెండు గదులు, పెద్ద కిటికీ..."

"చూశారా? ఎప్పుడు వెళ్ళొచ్చావే?"

"నేనెక్కడికి వెళ్ళానూ?"

"మరి మనం చూశాం అంటావేంటి? ఆదివారం కూడా షట్టరు దించని మనిషివి."

"ఇంగ్లీషులో అలాగే ఉంటుంది పిన్నీ. గ్రామరు."

"ఏ గ్రామరైతే మాత్రం, చూడని ఇల్లు చూశామని ఎలా అంటారే అమ్మాయ్?"

నేను మళ్ళీ చదివా. లోపల్లోపలే చదివా. హావ్ సీన్. చూడ్డం అయిపోయింది. ఎవరో చూసేశారు, నేను చూడలేదు. అయితే ఆ వుయ్‌లో నేను లేను. మనం కాదు, మేము. నువ్వూ మాటలమిషనూ. జవాబు ప్యాసేజీలోనే ఉంటుంది, వెతుక్కోవాలి అంటావు కదా ఎప్పుడూ. నిజంగా ఉంది. మనకి రెండు మాటలు ఉన్న చోట వాళ్ళు ఒక్క మాటతో ఎలా కాపురాలు చేస్తున్నారో మరి!

పిన్నికి నా మొహం చూసి అర్థమైపోయింది. టేపు చుట్టేసి, "పోనీలే, టీ తాగుదాం పద" అంది. ఆవిడ ఎప్పుడూ సొంతంగా టీ కొన్న మనిషి కాదు, కొన్నది.

ఆ సాయంత్రం దారపుండలన్నీ కిందకి దింపి రంగులవారీగా మళ్ళీ సర్దా. సర్దే అవసరమేం లేదు. చేతులకి ఏదో ఒక పని కావాలి కదా.

నువ్వు నీ స్నేహితురాలితో ఇల్లు తీసుకోవడం తప్పని ఎవరన్నారు? నీ వయసులో నాకూ అలాంటి కిటికీ ఒకటి దొరికి ఉంటే నేనూ వెళ్ళేదాన్నే. నన్ను కుదిపింది ఆ ఇల్లు కాదే, ఆ టిక్కు. ది మర్చిపోయానని ఇంటు పెట్టేదానివి. ఎస్ తగిలించలేదని ఇంటు పెట్టేదానివి. అలాంటిది ఆ యు అండ్ ఐ ముందు నీకు చేతులు రాలేదు. ఎంతసేపు కూర్చుని ఉంటావో, గోళ్ళు ఎన్ని కొరుక్కుని ఉంటావో నాకు తెలుసు. పాపం అక్క, బాధపడుతుంది, పోనీ అనుకున్నావు. పరీక్షలయ్యాక నెమ్మదిగా చెబుదామనుకున్నావు. నేనేమో ఆ టిక్కుని పట్టుకుని ఓనరు గారింటికి పరిగెత్తా.

ఇంకోసారి అలా చెయ్యకు. నాకు ఏదైనా చెప్పాలంటే ఇంగ్లీషు వెనక దాక్కోకు. ఇంగ్లీషు పరీక్షకి, తెలుగు నాకు. 'అక్కా, మేమిద్దరం ఇల్లు తీసుకుంటున్నాం' అని ఒక్క ముక్క రాసుంటే, కాసేపు మూతి ముడుచుకుని, కర్టెన్ గుడ్డ ఏ రంగుది కావాలో అడిగి ఉండేదాన్ని. తప్పుకి తప్పని పెట్టు. నేను తట్టుకోలేనని నువ్వు నిర్ణయించెయ్యకు.

షాపు సంగతి చెప్పలేదు కదూ. నువ్వు కంగారుపడి బస్సెక్కేలోపు చెప్పేస్తా. మర్నాడు పిన్ని మళ్ళీ వచ్చింది. ఈసారి టేపు లేదు.

"నాకు ఇంత షాపెందుకే? మిషనుకి సగం చాలు. బొత్తాలకీ దారాలకీ రోజూ బజారుకి పోలేక చస్తున్నా. నువ్వు ఆ సగంలో ఉండు, నేను ఈ సగంలో ఉంటా."

"నా మీద జాలా పిన్నీ?"

"జాలి పడే తీరిక నాకెక్కడిదే? గీతలు గీసిన సుద్ద దండగవుతుందని."

ఇద్దరం కలిసి ఓనరు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఒక్క షాపుకి ఇద్దరా? బోర్డు మీద ఎవరిదని రాయిస్తారు?" అన్నారు. "బోర్డు తర్వాత రాయిద్దాం, ముందు వాన నీళ్ళు కారుతున్న కప్పు చూడండి" అంది పిన్ని. ఆయన కప్పు మాట దాటెయ్యడానికి ఒప్పేసుకున్నారు. బాబాయికి ఫోన్ చేసి పెట్టెలు వెనక్కి పంపమన్నా. కుడ్ యు ప్లీజ్ లేకుండానే అడిగా, పాపం ఊపిరి పీల్చుకున్నాడు.

మధ్యాహ్నాలు పిన్ని చూసుకుంటుంది, నేను వెనక గదిలో కాళ్ళు చాపుకోవచ్చు. ఇన్నేళ్ళలో మధ్యాహ్నం పూట పడుకున్నది ఎప్పుడో గుర్తు లేదు. నిన్న పడుకున్నా. నిద్ర పట్టలేదు, పిన్ని అప్పుడే తెచ్చి పెట్టేసుకున్న మిషను చప్పుడు వింటూ ఉన్నా. అదీ బాగానే ఉంది. అలసట అంత తొందరగా పోదుగా, పోతుందిలే.

నువ్వు బుద్ధిగా పరీక్షలు రాయి. ఆ ఇల్లు వేరే ఎవరికో ఇచ్చేసేలోపు మాట ఖాయం చేసుకోండి. కిటికీ పొడవూ వెడల్పూ కొలిచి పంపు, అంచనాగా కాదు, టేపుతో. మాటలమిషనుకి చెప్పు, నేను వచ్చినప్పుడు వంట తనే చెయ్యాలని, నీ వంట నాకు తెలుసని. ఈ వారం ప్యాసేజీ పంపు, జవాబులు రాస్తా. మూడో ప్రశ్నకి ఇంటు పెట్టి పాతది కూడా మళ్ళీ పంపు.

షాపు సోమవారం నుంచి కొత్తగా తెరుస్తున్నాం. ఇంగ్లీషులో చెప్తే నీకు మళ్ళీ అనుమానం రావచ్చు, అందుకని తెలుగులోనే చెప్తున్నా. తెరిచేది మేము, పిన్నీ నేనూ. ఈ మేములో నువ్వు లేవు. కోపంతో అనడం లేదే, గ్రామర్ అంతే.

ఇట్లు,
ఎప్పుడైనా సరే ఇంటు పెట్టించుకోగలిగిన
నీ అక్క