వంతెన దాటితే తెరుచుకోని ఆట

యానాం,
శనివారం.

చిరంజీవి సుభద్రకి,

అక్క ఆశీర్వదించి రాస్తున్నది. నువ్వూ మరిదిగారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలికి డాక్టరుగారు చెప్పిన వ్యాయామం రోజూ చేస్తున్నావో, రెండు రోజులు చేసి మానేశావో నిజం రాయి. నాకు బీపీ అదుపులోనే ఉంది. శ్రీధరు ఒంటికి ఏ జబ్బూ లేదు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, నువ్వు స్పీకరు పెట్టి మాట్లాడతావు, పక్కనే లలిత ఉంటుంది. ముందు ఇది నువ్వొక్కదానివే చదువు. యానాం వచ్చి భర్తతో ఉండవచ్చా అని నీ మనవరాలు నన్ను అడిగింది. విశాఖపట్నం స్కూలు వాళ్ళకి ఉద్యోగంలో చేరేదీ లేనిదీ ఈ నెలాఖరుకి చెప్పాలట. పెద్దమ్మమ్మ ఏది చెబితే అది చేస్తానంది. మీ ఇంటికి వచ్చి నా మనవడికి ఆ పిల్లను అడిగి చేసుకున్నది నేను. కనుక జవాబు చెప్పవలసినదీ నేనే. అయితే మేము ఇక్కడికి ఎందుకు వచ్చామో నీకు ఇంతవరకూ సరిగ్గా చెప్పలేదు. అది చెప్పకుండా జవాబు చెబితే సగం చెప్పినట్టే.

కొవ్వూరులో ఉండగా శ్రీధరు ఫోన్లో పోకర్ ఆడేవాడు. మన ఆంధ్రాలో డబ్బు పెట్టి అలా ఆడటం నేరం. ఆ యాప్ మనిషి ఎక్కడున్నాడో కనిపెట్టి, మీ రాష్ట్రంలో ఈ ఆటకి అనుమతి లేదని మూసుకుంటుంది. వీడు ఫోన్‌కి తాను బెంగళూరులో ఉన్నానని చెప్పించే ఇంకో యాప్ వేసుకున్నాడు. అది నేను పట్టుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని, కాపీ కొట్టే పిల్లవాడి ముఖం నాకు తెలియదా? పిలిచి కూర్చోబెట్టి అడిగాను.

"పేకాట కాదు మామ్మా, ఇది లెక్క. సంభావ్యత. ఇసక మీద వేలితో గీసి నువ్వు నేర్పిందే" అన్నాడు.

"లెక్కయితే దొంగతనంగా ఎందుకు చేస్తావురా? చట్టం ఒప్పుకుంటే ఆడు, ఒప్పుకోకపోతే మానెయ్. అబద్ధం మాత్రం నా ఇంట్లో కుదరదు" అన్నాను.

నేను చేసిన తప్పు అదే సుభద్రా. మానెయ్ అన్న మాట వదిలేసి, ఒప్పుకుంటే ఆడు అన్న మాట పట్టుకున్నాడు. వారం తిరక్కుండా వచ్చి, యానాం పుదుచ్చేరి కింద ఉంది, ఆంధ్రా చట్టం అక్కడికి రాదు, నీ మాట ప్రకారమే చేస్తాను, నువ్వూ రా అన్నాడు. ఒంటరి మగవాడికి ఇల్లు ఇవ్వరు కాబట్టి అద్దె కాగితం మీద నేనే సంతకం పెట్టాను. లలితని మీ దగ్గర దింపి, కొద్ది రోజుల్లో పిలిపిస్తానన్నాను. పక్కనుంటే కనిపెట్టుకుని ఉండవచ్చనుకున్నాను. పద్నాలుగు నెలలైంది.

ఇల్లు బాగానే ఉంది. ముందు వరండా, వెనక పెరడు. గౌతమి వైపు నుంచి గాలి బాగా వస్తుంది, బట్టలు మాత్రం ఎప్పుడూ జిడ్డుగా ఉంటాయి. బోరు నీళ్ళు ఉప్పన, ఆ నీళ్ళతో కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. వంటకి క్యాన్ నీళ్ళు తెప్పిస్తున్నాను. ఇంటావిడ సత్యవతిగారు మంచి మనిషే గానీ నోరు ఊరుకోదు. వచ్చిన నెలకే, "మీ ఆంధ్రా వాళ్ళు మందు కోసం వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోతారండి టీచరుగారూ. పేకాట కోసం కాపురం పెట్టినవాళ్ళని మిమ్మల్నే చూశాను" అంది. కోపం వచ్చింది. కొత్తిమీర తరుక్కుంటూ కూర్చున్నాను. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?

ఆ ఆట యానాంలో తెరుచుకుంటుంది, వంతెన దాటి ఎదుర్లంక వెళితే తెరుచుకోదు. అందుకని వాడు ఊరు దాటడం మానేశాడు. నీ మరిది కూతురి పెళ్ళికి జ్వరం వచ్చి రాలేదని రాశాను కదా. జ్వరం లేదు. చొక్కా ఇస్త్రీ చేయించుకుని, స్నానం చేసి, బస్సు వేళ దాకా కూర్చుని, "ఆ రోజు టోర్నమెంటు ఉంది మామ్మా, వంతెన దాటితే పోతుంది" అన్నాడు. ఇంటి నుంచి చేసుకునే ఉద్యోగం కూడా అలాగే పోయింది. వారానికి రెండు రోజులు హైదరాబాదు ఆఫీసుకి రమ్మన్నారు, వాడు వెళ్ళలేదు. పాల లెక్క రాసే పుస్తకంలో వాడు నాతో కూర్చుని అన్నం తిన్న పూటలు రాస్తున్నాను. కిందటి నెల అరవై పూటల్లో పదిహేడు.

తరువాత కేంద్రమే దేశమంతటికీ చట్టం చేసింది, డబ్బు పెట్టి ఆడే ఆటలు ఫోన్లలో ఉండకూడదని. వాడి యాప్ మూతబడింది. నీతో చెప్పుకోవడానికి సిగ్గేముంది, ఆ రోజు పరవాన్నం వండాను. వాడు వరండాలో కూర్చుని రెండుసార్లు వేయించుకున్నాడు. పది రోజులు నా పక్కన కూర్చుని వంకాయలు తరిగాడు, పేపరు చదివాడు, లలిత ఎలా ఉందని అడిగాడు. అప్పుడే నీకు ఫోన్ చేసి, మా కొవ్వూరు ఇల్లు దులిపించమన్నాను. ఆ పిల్ల ఆశ పెట్టుకున్నదీ అప్పుడే. వేరే ఉద్యోగం చూసుకుంటున్నానని వాడు లాప్‌టాప్ ముందు కూర్చుంటే నమ్మాను, కొవ్వూరు ప్రయాణం వారం వారం వాయిదా వేశాను.

మొన్న బుధవారం మధ్యాహ్నం వడియాలు ఎండలో పెట్టాను. మబ్బు పట్టింది. "వాన వస్తుందేమో ఫోన్లో చూడరా" అంటే, పనిలో ఉండి ఫోన్ నా చేతికిచ్చాడు. అందులో వాతావరణం ఉంది, ఊరి పేరు మాత్రం యానాం కాదు. నేను ఎన్నడూ వినని విదేశపు పేరు. అక్కడ ఎండ కాస్తోందట. నేను చూస్తుండగానే పెరట్లో చినుకులు మొదలయ్యాయి. వడియాలు తీయలేదు.

"ఇదేం ఊరురా?" అన్నాను.

వాడు తల ఎత్తలేదు. "అక్కడున్నట్టు చూపిస్తేనే ఆ ఆట సైటు తెరుచుకుంటుంది మామ్మా. ఇక్కడివి మూసేశారుగా."

"ఉద్యోగం?"

"చూస్తాను."

"చట్టం ఒప్పుకోకపోతే మానేస్తానని ఇక్కడికి తెచ్చావు."

"అప్పుడు పోవడానికి ఒక ఊరుంది. ఇప్పుడు ఏదీ లేదు, ఏం చెయ్యను?" అన్నాడు. పొగరుగా అనలేదు. పొగరుగా అన్నా బాగుండేది. నాలుగైదు రోజులు అన్నం లేనివాడు అడిగినట్టు అడిగాడు.

ఆ సైటు వాళ్ళు గెలిచింది ఇవ్వకపోతే అడిగే దిక్కు లేదని వాడికీ తెలుసు. వైద్యుడి దగ్గరికి వెళదాం, రాజమండ్రిలో మంచివారు ఉన్నారన్నాను. తలూపాడు. బస్సు టైముకి స్నానం చేయలేదు. రెండోసారి అన్నాను, రెండోసారీ అంతే. మూడోసారి కూడా అంటాను, ఎన్నిసార్లయినా అంటాను. వస్తాడని మాత్రం అనుకోవడం లేదు.

కాబట్టి లలితని రావద్దని చెప్పు. విశాఖపట్నం స్కూలుకి సరేనని నెలాఖరు దాకా ఆగకుండా ఇప్పుడే రాయమను. తన సర్టిఫికెట్లు మా కొవ్వూరు ఇంట్లో, నా బీరువా పై అరలో ఆకుపచ్చ ఫైలులో ఉన్నాయి. తాళం పక్కింటి వాళ్ళ దగ్గరుంది. తను వస్తే వాడు మారతాడని ఎవరైనా అంటే వినవద్దను. నేను పక్కన ఉంటే మారతాడనుకుని వచ్చినదాన్నే. ఇది నీ మాటగా చెప్పకు. సంబంధం అడిగిన మనిషే వద్దని రాసిందని, ఈ కాగితం చేతికిచ్చి చదివించు.

నేను ఇక్కడే ఉంటాను. వండి పెట్టే మనిషి లేకపోతే వాడు ఆ పదిహేడు పూటలూ తినడు. నా బీపీ మాత్రలు ఇక్కడే దొరుకుతున్నాయి. వీలైతే ఎవరి చేతనైనా మాగాయ కొంచెం పంపు.

మరిదిగారికి నా నమస్కారాలు చెప్పు. పెద్ద వయసులో ఉన్న పిన్నిగారి కాళ్ళకి నా తరఫున దణ్ణం పెట్టు, వాడి సంగతి ఆవిడకి చెప్పకు. పిల్లలందరికీ ఆశీస్సులు. లలితకి రాసే ప్రతి ఉత్తరంలోనూ దీర్ఘసుమంగళీభవ అని రాసేదాన్ని. ఈసారి, ఉద్యోగం నిలబడాలనీ, జీతం తన చేతిలోనే ఉండాలనీ దీవిస్తున్నానని చెప్పు.

ఇట్లు,
నీ అక్క,
అన్నపూర్ణ