దేవుడి గూట్లో రోటరు

కామేశ్వరీ,

ఇంటికొచ్చి ఇది చదవగానే పద్మనాభం వెళ్లే బస్సెక్కి కాశమ్మక్క ఇంటికి వెళ్లు. నేను వచ్చేదాకా అక్కడే ఉండు.

కారు స్టార్టు కావడం లేదు. ఇంజను తిరుగుతోంది, పెట్రోలూ అందుతోంది, ప్లగ్గులకే కరెంటు రావడం లేదు. దొంగల భయానికి రోజూ రాత్రి, ప్లగ్గులకు కరెంటు పంచే రోటరు ఊడదీసి దేవుడి గూట్లో పెడతాను కదా, పొద్దున దండం పెట్టుకుని చూడకుండా బిగించేశాను. అది మనది కాదు, పగిలిన పాతది. దానికీ మనదానికి ఉన్నట్టే కుంకుమబొట్టు పెట్టారు. తలుపు గడియ లోపలినుంచి వేసే ఉంది. ఇంట్లో మనం కాక ఉన్నది మీ తమ్ముడు జగ్గారావు ఒక్కడే.

రేవులో జరిగిన హత్య కళ్లారా చూసింది నేనే. ఈరోజు కోర్టులో సాక్ష్యం చెప్పాలి. "కారే ఎల్లొద్దంతంది, నీకెందుకు బావా కోర్టు?" అని నవ్వాడు జగ్గారావు. వాణ్ణి ఇంట్లో ఉంచొద్దన్నందుకు నువ్వు నాతో మాట్లాడ్డం మానేశావు. పోనీలే. బస్సులో వెళ్తాను.

గవర్రాజు

ఇంటి ముందు జీపు ఆగింది. బస్సెందుకు, ఎక్కమని పిలుస్తున్నాడు జగ్గారావు. లోపల ఇంకో ఇద్దరున్నారు. నేను పెరటి దారిన పోతున్నాను. నువ్వూ అటే వెళ్లు.