పదో రీలు

నాయనా,

నేను బాగున్నాను, పూణెలో వానలు తగ్గాయి. అమ్మకు ఫోన్లో చెప్పాను గానీ నీకు సగమే వినపడుతుంది, అందుకే ఈ కార్డు.

సజ్జ చేను మీద పిట్టలు పడుతున్నాయని, మన అటక మీది సినిమా రీలు విప్పి చేను చుట్టూ కట్టుకుంటానని అస్లాం చిన్నాయన అడిగాడట. తమ్ముడికి నువ్వు కాదనలేవు. ఈసారి మాత్రం ఇవ్వొద్దు!

నిన్న మా ఫిల్మ్ ఆర్కైవులో ఒక పాత సినిమా పెట్టె తెరిచాం. తొమ్మిది రీళ్ళే ఉన్నాయి. ఆఖరిదైన పదోది ఎంత వెతికించినా దొరకలేదని మా గాయత్రి మేడం దిగులుపడింది. సినిమా పేరు చూసి, మళ్ళీ ఒకసారి చదువుకున్నాను. యర్రగొండపాలెంలో నువ్వు ఆపరేటరుగా ఉన్న టూరింగ్ టాకీసు డేరా గాలివానకు కూలిన రోజు ఆడుతున్నది అదే. “డేరా పోతే పోయింది, మిషన్ మీదున్న ఆఖరి రీలు మాత్రం చొక్కాలో చుట్టుకోని ఎత్తుకొచ్చినా” అని నువ్వు ఎన్నిసార్లు చెప్పలేదు!

పులిసిన వాసన వస్తోందని పారేయకు, ఇక్కడ దానికి వైద్యం ఉంది. విప్పకు, ఎండ తగలనీకు. దించి చల్లటి మూలన పెట్టు. వచ్చే వారం నేనే వచ్చి తీసుకెళ్తాను. చిన్నాయనకు నా పాత మెరుపు చున్నీలివ్వు, పిట్టలు ఇంకా బెదురుతాయి. అమ్మ మోకాలు ఎట్లుంది? బోరులో నీళ్ళు పడ్డాయా?

అందరికీ నా సలాములు. తొమ్మిదో రీలు చివర ఆ పిల్ల స్టేషన్లో రైలు కోసం చూస్తూ నిలబడే ఉంది. ఇన్నేళ్ళూ ఆ రైలు మన అటక మీద ఆగిపోయింది నాయనా.

నీ గుల్నాజ్