బండి నంబరు

కమలాపురం,
జూన్ 3

ప్రియమైన ప్రేమజ్యోతికి,

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఇంట్లో నేను ఫోను ఎత్తితే మా మరిది నెహెమ్యా, తోటికోడలు, పిల్లలు అందరూ చెవులు ఇటే పెడతారు. అందుకే హాస్టలు రోజుల్లో సెలవులప్పుడు రాసుకున్నట్టు రాస్తున్నా.

మా ఆయన సుందరం పోయి ఏడాది దాటింది. ఆయన బీమా డబ్బు రెండు లక్షలు నా పేరు మీదే బ్యాంకులో ఉంది. పాసుపుస్తకం, కార్డు మాత్రం నెహెమ్యా దగ్గరే. బ్యాంకులో ఇచ్చిన ఫోన్ నంబరూ తనదే. చెడ్డవాడు కాదు. "నీకెందుకు వదినా ఈ తిప్పలు, నేను ఉండా కదా" అంటాడు. ఇప్పుడు బస్టాండు పక్కన ఓబులేసు గది ఖాళీ అయింది. అందులో కుట్టుమిషన్ పెట్టుకోవాలని నా ఆశ. అడ్వాన్సు నలభై వేలు, నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. నెహెమ్యా ఏమో ఆ డబ్బంతా స్నేహితుడి బండల వ్యాపారంలో పెడదామంటున్నాడు. వద్దనడానికి నోరు పెగలడం లేదే.

నువ్వు కడపలో ఆడవాళ్లకు బ్యాంకు పనుల మీద క్లాసులు చెబుతావు కదా, నాకూ చెప్పు. మొదటిసారి ఏటీఎం దగ్గర నీకూ భయమేసిందా?

నీ కృపమణి


కడప,
జూన్ 8

ప్రియమైన కృపా,

నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. సాంబారు నీళ్లలా ఉందని వార్డెన్‌ను అందరి ముందూ నిలదీసిన కృపమణి ఎక్కడికి పోయింది?

ముందు పాసుపుస్తకం అడిగి తీసుకో. అడగమన్నాను, బతిమాలమనలేదు. ఆధార్ పట్టుకుని బ్యాంకుకు పో. ఫోన్ నంబరు మార్చమని ఫారం రాసివ్వు. పాత కార్డు ఆపించి కొత్తది అడుగు. దాని రహస్య నంబరు నువ్వే పెట్టుకో, నాకు కూడా చెప్పకు. అర్థం కాకపోతే మూడుసార్లు అడుగు, చెప్పడం వాళ్ల ఉద్యోగం.

ఏటీఎం సంగతి తర్వాత చెబుతాలే.

నీ ప్రేమ


కమలాపురం,
జూన్ 19

ప్రియమైన ప్రేమా,

అడిగేశా! "ఏం చేసుకుంటావు వదినా?" అన్నాడు. "చూసుకుంటా" అన్నా. పాసుపుస్తకం, కార్డు తెచ్చిచ్చాడు. నంబరెంత నాయనా అంటే, "నా బండి నంబరే వదినా" అన్నాడు. విన్నావటే! మొగుణ్ణి పోగొట్టుకున్నది నేను, సంతకం నాది, తాళం మాత్రం మరిది మోటార్‌సైకిల్ నంబరు! అప్పుడు పోయింది నా భయం.

బ్యాంకులో గుమస్తా "మగోళ్లెవరూ రాలేదా?" అన్నాడు. "ఖాతా నాదేనప్పా, అందుకే నేనొచ్చినా" అన్నా. వరసలో నా వెనకున్న మా వీధి వెంకటలక్ష్మమ్మ ఫక్కున నవ్వింది. రెండు ఫారాలు పాడుచేసి మూడోది సరిగ్గా రాశా.

సాయంత్రానికి ఖాతాలో ఫోన్ నంబరు మారిందని నెహెమ్యా ఫోనుకు మెసేజ్ వచ్చింది. "నన్ను దొంగను చేసినావు కదా వదినా" అని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"దొంగవనుకుంటే నీ ఇంట్లో యాడుంటా నాయనా? నువ్వు శానా మంచోడివి. మీ అన్న పోయిన రోజు ఆయన జేబులో ఎంత ఉండాదో కూడా నాకు తెల్దు. ఇంకోసారి అట్లా నిలబడలేను" అన్నా. ఆ పూట అన్నం తినకుండా వెళ్లిపోయాడు. అప్పట్నుంచి మాటల్లేవు.

కొత్త కార్డుకు పది రోజులు పడుతుందట. గడువు దాటితే గది పోతుంది. ఇలాంటప్పుడు నువ్వేం చేస్తావు? నీ డబ్బు నువ్వే తీసుకుంటే మీ ఆయన జయకుమార్ అన్న ఏమీ అనడా?

నీ కృప


కడప,
జూన్ 23

ప్రియమైన కృపా,

కార్డు కోసం కూర్చోకు. పాసుపుస్తకం తీసుకెళ్లి, డబ్బు తీసే ఫారంలో సంతకం పెడితే ఇస్తారు. రేపే పో.

జయకుమార్ బాగున్నాడు. ముందు నీ పని కానీ.

ప్రేమ


కమలాపురం,
జూలై 2

ప్రియమైన ప్రేమా,

గది నాదయింది! ఓబులేసు చేతిలో నలభై వేలు పెట్టి రసీదు రాయించుకున్నా. మిషన్ ఎవరు తెచ్చారనుకున్నావు? నెహెమ్యానే, ఆ బండి మీదే తాళ్లతో కట్టుకుని! దించేసి, "బండి నంబరు ఇంగ నాకొక్కనికే వదినా" అన్నాడు. ఇద్దరం నవ్వి నవ్వి ఏడ్చాం.

కార్డూ వచ్చింది. ఏటీఎంలో మొదట తప్పు నొక్కా, రెండోసారికి కుదిరింది. నీ తొలిసారి సంగతి అడిగా, జయకుమార్ అన్న సంగతి అడిగా, రెండూ దాటేశావు. ఎందుకే?

నీ కృప


కడప,
జూలై 9

ప్రియమైన కృపా,

దాటెయ్యక ఏం చెప్పను? నాకు తొలిసారే లేదు. పధ్నాలుగేళ్లుగా నా జీతం కార్డు జయకుమార్ పర్సులోనే ఉంది. బోర్డు మీద ఏటీఎం బొమ్మ గీసి నలభై మందికి పాఠం చెబుతా, ఆ క్లాసుకు వెళ్లడానికి ఆటో డబ్బులు ఆయన్నడిగి తీసుకుంటా. నీకు ధైర్యం చెబుతూ ఎంత సిగ్గుపడ్డానో నాకే తెలుసు.

నీ బండి నంబరు ఉత్తరం చదివి మొదట నవ్వా. మొన్న నీ ప్రశ్న చూశాక ఆగలేకపోయా. నా కార్డు నంబరెంత అని ఆయన్నడిగా. "మన పెళ్లిరోజే" అన్నాడు ముద్దుగా. అంత ప్రేమగా పెట్టిన నంబరు నాకెందుకు చెప్పలేదన్నా. కార్డు ఇటివ్వమన్నా. "ఇప్పుడెందుకు?" అన్నాడు. "కృపమణి తీసుకుంది, నేనూ తీసుకుంటా" అన్నా. ఇచ్చాడు.

నిన్న ఏటీఎంకు వెళ్లా. పాఠమంతా మర్చిపోయి కార్డు తిరగేసి పెట్టా, కృపా! వెనక నుంచి ఒకామె, "అట్లా కాదు మేడమ్, బొమ్మలో మీరే చూపిస్తిరి కదా" అని తిప్పి ఇచ్చింది. నా క్లాసు మనిషే! తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా నంబరు మార్చి, ఐదొందలు తీసుకునే బయటికొచ్చా. సోమవారం క్లాసులో ఈ కథంతా నేనే చెబుతా.

శనివారం నీ కొట్టుకు వస్తున్నా. రెండు జాకెట్లు కుట్టాలి. కూలి నా డబ్బుతో ఇస్తా, వద్దన్నావో చూడు.

నీ శిష్యురాలు,
ప్రేమజ్యోతి