చెయ్యి క్లాసుకు రాదు

అక్టోబర్ 7

కోర్సులో చేరాను. గ్యాస్ మేస్త్రీ కోర్సు. ఆరు వారాలు, చివర్లో పరీక్ష, పాసైతే సర్టిఫికెట్. క్లాసులో పదకొండు మందిమి. ఆడదాన్ని నేనొక్కదాన్నే, వయసులోనూ నేనే పెద్ద, నలభై ఏడు. ట్రాక్టర్ నడిపే కుబాన్ నన్ను చూసి, ఎజే, అక్కా, కుట్టుపని క్లాసు పై అంతస్తులో అన్నాడు. నీకు కుట్టు వచ్చా తమ్ముడూ అన్నాను. రాదన్నాడు. మరి నువ్వెళ్లు, నాకు వచ్చు అన్నాను. అప్పటి నుంచి నా పక్కనే కూర్చుంటున్నాడు.

చేరక తప్పలేదు. పదేళ్లుగా మా ఊరు తొక్‌మొక్ బజారులో కొళాయిలు, పైపులు, బర్నర్లు అమ్ముతున్నాను. మా వీధులకు గ్యాస్ లైను వచ్చాక జనం పాత బొగ్గు పొయ్యిల్లోనే బర్నర్ పెట్టించుకుంటున్నారు. కొనే ముందు అందరూ అడిగేది ఒకటే, ఎవరు బిగిస్తారని. నా దగ్గర బిగించే సొవెత్ రష్యా వెళ్లిపోయాడు. సర్టిఫికెట్ లేనివాళ్లు గ్యాస్ పైపు ముట్టుకుంటే గ్యాస్ ఆఫీసువాళ్లు ఊరుకోరు. ఇక నేనే నేర్చుకోవాలి.

మా ఆయన జొల్దొష్ నవ్వాడు. లారీ తీసుకుని బయల్దేరుతూ కూడా నవ్వుతూనే ఉన్నాడు.

అక్టోబర్ 11

సారు పేరు స్తెపాన్ దనీలొవిచ్. గ్యాసు పనిలోనే ముసలివాడయ్యాడు. పైపు కీలు మీద సబ్బు నురగ పూసి చూపించాడు. బుడగ లేస్తే లీకు. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఎవరన్నా ఉన్నారా అని అడిగాడు. ముగ్గురు చెయ్యెత్తారు. మీరింకా బతికున్నందుకు సంతోషం, రేపటి నుంచి ముందు వరుసలో కూర్చోండి, నేను వెనక్కి పోతాను అన్నాడు.

నా నురగ మొదటిసారే సరిగ్గా వచ్చింది. ఇన్నేళ్లు గిన్నెలు తోమింది ఊరికే పోలేదు.

అక్టోబర్ 22

ఇవాళ పొగగొట్టం పాఠం. రాయకుండా పడుకోలేను.

సారు సంచిలోంచి ఒక ఇనప పలక తీశాడు. అందరికీ తెలిసిందే. పొగగొట్టంలోకి అడ్డంగా తోసే పలక. బొగ్గు మండి నిప్పు కణకణలాడుతుంటే పలక తోసేస్తాం, వేడి ఇంట్లోనే ఉండిపోతుంది. మా అమ్మ తోసేది, నేను తోస్తాను. ఈ ఊళ్లో పుట్టిన ప్రతివాళ్లకీ వచ్చు.

బొగ్గు ఆరిపోతుంది, గ్యాసు ఆరదు అన్నాడు సారు. మంట ఉండగా పలక మూస్తే విషం ఇంట్లోకే వస్తుంది. దానికి వాసన లేదు, పొగ లేదు. గ్యాస్ పొయ్యికి పలక తీసేయాలి. తియ్యకపోతే, కనీసం వేలు పట్టేంత రంధ్రం ఉండాలి. రంధ్రం మిమ్మల్ని కాపాడుతుందని కాదు, మేలుకోవడానికి కాస్త వ్యవధి ఇస్తుంది.

కుబాన్ అడిగాడు. రంధ్రం ఎందుకు సార్, మూయొద్దని చెప్తే సరిపోదా అని.

చెప్పొచ్చు, చెవులు వింటాయి అన్నాడు సారు. చెయ్యి మాత్రం క్లాసుకు రాదు.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నేను అమ్మిన ప్రతి బర్నర్‌తో ఒక కొత్త పలక ఉచితంగా ఇచ్చాను. కొత్త పొయ్యికి కొత్త పలక అని షాపు తలుపు మీద నేనే రాశాను. మంచి మందం ఇనుము. రంధ్రం లేదు.

అక్టోబర్ 23

షాపు తలుపు మీద రాసింది తడిగుడ్డతో తుడిచాను. పోలేదు. కత్తితో గీకాను.

అక్టోబర్ 25

గ్యారంటీ నోటుబుక్కు తీశాను. ముప్పై ఒక్క పేర్లు. మొదటి పేరు నాదే. కొనేవాళ్లకు చూపించడానికని ముందు మా ఇంట్లోనే పెట్టించాను. అంటే ముప్పై ఇళ్లు.

జొల్దొష్‌కు ఫోన్ చేసి, ఆ ఇళ్లకెళ్లి పలకలకు రంధ్రాలు చేసొస్తానన్నాను. ఆగు అన్నాడు. పరీక్ష నవంబర్ పదిహేను. సర్టిఫికెట్ చేతికొచ్చాక వెళ్తే మేస్త్రీవి, ఇప్పుడు వెళ్తే దొంగవి. ఒక్కరు ఆఫీసులో ఫిర్యాదు చేస్తే నిన్ను పరీక్షకే రానివ్వరు అన్నాడు. నిజమే. ఆయన మాట ఎప్పుడూ తీసిపారేసేది కాదు, అదే ఇబ్బంది.

అక్టోబర్ 26, ఉదయం 6

బయట బకెట్లో నీళ్లు గడ్డకట్టాయి. ఇవాళ నుంచి ఊరంతా పొయ్యిలు వెలిగిస్తారు.

పదిహేను దాకా ఎవరు ఆగుతారు.

అదే రోజు, మధ్యాహ్నం

సారును అడిగాను, సర్టిఫికెట్ లేకుండా ఆ ఇళ్లకు వెళ్లొచ్చా అని. బర్నర్ ముట్టుకోకు, పలక ఇనుము, ఇనుముకి సర్టిఫికెట్ అక్కర్లేదు అన్నాడు. తర్వాత తన డ్రిల్ మిషను నా చేతిలో పెట్టి, బిట్టు విరిగితే కొనివ్వాలి అన్నాడు.

అక్టోబర్ 31

పంతొమ్మిది ఇళ్లు అయ్యాయి. కాళ్లు నావి కావు.

పలక బయటికి లాగడం, గుమ్మం బయట రాయి మీద పెట్టి రంధ్రం చెయ్యడం, మళ్లీ పెట్టడం. పావుగంట పని. చెప్పడానికే గంట పడుతోంది. ఒకాయన, నువ్వే అమ్మి నువ్వే బొక్క పెడతావా, వచ్చే ఏడు కొళాయిలకు పెడతావా అన్నాడు. ఒకావిడ అంతా విని, రొట్టె, ఆప్రికాట్ జామ్ పెట్టి తినేదాకా కదలనివ్వలేదు. ఆవిడ దగ్గరే నాకు ఏడుపొచ్చింది. ఒకతను పలక మొత్తం తీసి నా సంచిలో వేసి, ఇదిగో నీ కానుక అన్నాడు.

నవంబర్ 3

సబీరా అపా ఇల్లు. మంత్రసాని, అందరికీ అపా, అంటే పెద్దక్క. మా వీధిలో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే, నాతో సహా. ఎవరి మాటా వినదు.

రంధ్రం అంటే మండిపడింది. ఆకాశాన్ని వెచ్చగా ఉంచడానికా నేను గ్యాస్ కొనేది అంది. ఒసే బురుల్చా, నీ బొడ్డు కోసిన చెయ్యి ఇది, నాకు పొయ్యి సంగతి చెప్తావా అంది. నేను తలొంచుకుని టీ తాగాను. మాటల్లో అడిగాను, ఒంట్లో ఎలా ఉంది అపా అని. పొద్దున లేస్తే తలపోటు, వాంతి వచ్చినట్టుంటుంది, బీపీ అంది. ఎప్పటినుంచి అన్నాను. పొయ్యి వెలిగించినప్పటి నుంచి. నీళ్ల కోసం పెరట్లోకి వెళ్లి వస్తే తగ్గిపోతుందట.

పొయ్యి పక్కన మనవరాలి ఉయ్యాల ఉంది.

లేచాను. పలక లాగేశాను. అరుస్తూ నా వెనకాలే గుమ్మం దాకా వచ్చింది. రంధ్రం చెయ్యలేదు, పలకే ఎత్తుకొచ్చాను.

నవంబర్ 5

సబీరా అపా గ్యాస్ ఆఫీసుకు వెళ్లిందట. షాపామె నా పొయ్యి పాడుచేసిందని ఫిర్యాదు.

నవంబర్ 9

ముప్పై ఇళ్లూ అయ్యాయి. డ్రిల్ బిట్టు విరిగింది. కొత్తది కొని ఇచ్చాను.

సారు అడిగాడు, మీ ఇంట్లో కూడా చేశావా అని. నాకెందుకు సార్, నేను కోర్సు చేస్తున్నాను కదా అన్నాను. ఆయన డ్రిల్ మళ్లీ నా చేతిలోనే పెట్టాడు.

నవంబర్ 15

పరీక్ష. రాత పరీక్ష బాగా రాశాను. పైపు బిగించాను, ఒక్క బుడగ లేవలేదు. తర్వాత గ్యాస్ ఆఫీసు నుంచి వచ్చిన కలిపా మేడమ్ ఫిర్యాదు కాగితం తిప్పి, ఇళ్లలో దూరి పలకలు ఎత్తుకుపోయేది మీలో ఎవరు అంది. కుబాన్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. విడిపించుకుని లేచాను.

అంతా చెప్పాను. ఉచితంగా ఇచ్చానని కూడా. నోటుబుక్కు ఇచ్చేశాను. ఆమె ఒక్కో పేరూ చదివింది. మార్కులు సరిపోయాయి, కానీ ఈ ముప్పై ఒక్క ఇళ్లూ మావాళ్లు చూశాకే సంతకం అంది.

ముప్పై ఒక్కటి అంది.

నవంబర్ 15, సాయంత్రం

మా పలక లాగుదామని వెళ్లాను. పొయ్యి వెలుగుతోంది, పలక కాలుతోంది. రేపు చేద్దాం.

నవంబర్ 16

ఉదయం తొమ్మిదికే వచ్చింది కలిపా మేడమ్. మొదటి పేరుతో మొదలుపెట్టిందట, పద్ధతి కదా. పలక లాగింది. వెలుతురులో పట్టుకుంది. ఎక్కడా రంధ్రం లేదు.

తిడితే బాగుండేది. మీరొక్కరే కాదులెండి, మా ఇంట్లోనూ రంధ్రం మొన్ననే పెట్టించాను అంది. ఆమె నిలబడి చూస్తుండగా నేను రంధ్రం చేశాను. తొందరలో కాస్త పక్కకి వచ్చింది.

నవంబర్ 27

మిగతా ముప్పైలో అన్నీ సరిగ్గా ఉన్నాయట. సబీరా అపా ఇంటికి ఆఫీసువాళ్లు విషవాయువు కొలిచే మీటరు పట్టుకుని వెళ్లారు, పలక లేదు కాబట్టి గాలి శుభ్రంగా ఉంది. తలపోటు మూడు వారాలుగా లేదట. ఆమె ఆ మాట నాకు చెప్పలేదు, కోడలితో చెప్పించింది. కోడలు ఒక గిన్నెడు వేడి లగ్మాన్ నూడుల్స్ తెచ్చింది. అపా ఒకటి అడిగి రమ్మందట, నా పలక తిరిగి ఇస్తావా లేదా అని. ఈసారి రంధ్రం చేసి ఇచ్చి పంపాను. గిన్నె కడిగి, మూడు యాపిల్స్ వేసి పంపాను.

నవంబర్ 30

సర్టిఫికెట్ వచ్చింది. నీలం అట్ట. పేరు తప్పులేకుండా రాశారు. పొయ్యి పైన గోడకి తగిలించాను. జొల్దొష్ ఫొటో చూసి, ఇక నా లారీకి కూడా గ్యాస్ బిగించు మేస్త్రీ అన్నాడు. ఈసారి నవ్వినా వెక్కిరింపు లేదు.

డిసెంబర్ 12, ఉదయం 7

తల బరువుగా ఉంది. జొల్దొష్ ఇంకా దారిలోనే ఉన్నాడు. ఇంట్లో నేనొక్కదాన్నే.

పలక మూసి ఉంది. రాత్రి ఎప్పుడు తోశానో నాకే గుర్తు లేదు.

మంట ఆర్పి, కిటికీ తెరిచి, గుడ్డతో పట్టి పలక లాగాను. రంధ్రం కాస్త పక్కకి ఉంది. చల్లారాక అందులో వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను.